ఆషాఢంలో ఏం చేస్తావు? ఫొటోగ్రాఫర్ కావాలనుకున్న ఓ బీటెక్ కుర్రాడి కేస్ స్టడీ

గుంటూరు బ్రాడీపేటలో మాకు ఫొటో స్టూడియో ఉంది. పాస్‌పోర్ట్ సైజు ఫొటో మొదలు పెళ్లిళ్ల దాకా అన్నీ చేస్తాం. కొన్నేళ్లుగా వీటికి తోడు ఇంకో పని కూడా నెత్తిన పడింది. "మావాడికి కెమెరా పిచ్చి పట్టుకుంది, ఇది తిండి పెడుతుందో లేదో మీరే చూసి చెప్పండి" అంటూ తల్లిదండ్రులు పిల్లల్ని వెంటబెట్టుకుని వస్తుంటారు. అలా వచ్చినవాళ్లలో ఒకరి సంగతి ఇది. అతనూ, వాళ్ల నాన్నా సరేనన్నాకే రాస్తున్నాను. పేరు, ఊరు, కాలేజీ వదిలేశాను.

2024 మార్చి మొదట్లో, మాఘమాసం చివర్లో వచ్చాడు. వయసు 23. మెకానికల్‌లో బీటెక్ పూర్తయింది. హైదరాబాద్‌లో ఒక సాఫ్ట్‌వేర్ కోర్సులో చేరి మధ్యలో వదిలేసి వచ్చేశాడు. తండ్రి మిర్చి యార్డులో ఒక కమీషన్ కొట్టులో గుమస్తా. ఇన్‌స్టాగ్రామ్‌లో అతను పెట్టిన ఫొటోలన్నీ ఫోన్‌తో తీసినవే: సూర్యలంక బీచ్‌లో పొద్దుగూకడం, కొండవీడు కోట, ఫ్రెండ్స్ పోర్ట్రెయిట్లు. కొన్ని నిజంగా బాగున్నాయి. కెమెరా బాడీ, లెన్స్ కలిపి రెండున్నర లక్షలకి కొటేషన్ కూడా జేబులో పెట్టుకుని వచ్చాడు. ఈఎంఐ మీద తీసుకుందామని. తండ్రి సంతకం కావాలి. తండ్రేమో నా మాట విన్నాకే సంతకం పెడతానన్నాడు.

ఇలాంటి కేసుల్లో నేను ఫొటోలు ఎక్కువసేపు చూడను. కంటికి ఇంపుగా ఫొటో తీయగలిగేవాళ్లు ఇప్పుడు ఇంటికొకరు ఉన్నారు. ఈ పనితో పన్నెండు నెలలూ గడుస్తాయా, ఆ పన్నెండు నెలలనీ ఈ మనిషి ఓర్చుకోగలడా, అవే నేను తేల్చుకోవాల్సినవి. అందుకే మొదట అడిగింది, "ఆషాఢంలో ఏం చేస్తావు?" అని. కుర్రాడు నవ్వాడు, జోక్ అనుకున్నాడు. తండ్రి నవ్వలేదు.

మన దగ్గర పెళ్లిళ్ల ఫొటోగ్రాఫర్‌కి జీతం ఇచ్చేది పంచాంగం. మాఘం, ఫాల్గుణం, వైశాఖం, జ్యేష్ఠం, శ్రావణం, కార్తీకం, మార్గశిరం అంటే చేతినిండా పని. ఆషాఢం, భాద్రపదం, పుష్యం అంటే ఖాళీ. వీటి మీద మళ్లీ మూఢాలు. గురుడో శుక్రుడో సూర్యుడికి దగ్గరగా వచ్చి కనిపించకుండా పోతే, మంచి నెలల్లో కూడా ముహూర్తాలు ఉండవు. ఆ ఏడాది పంచాంగం చూస్తే మే, జూన్ రెండు నెలలూ మూఢాల్లోనే పోతున్నాయి, వెనకే ఆషాఢం. అంటే ఏప్రిల్ నెలాఖరు పెళ్లిళ్లు అయ్యాక మళ్లీ డప్పు మోగేది ఆగస్టులోనే.

కాగితం మీద లెక్క వేసి చూపించాను. రెండున్నర లక్షలు, 14 శాతం వడ్డీ, 24 నెలలు. ఈఎంఐ నెలకి 12 వేలు పడుతుంది. మే, జూన్, జులై అంటే 36 వేలు. రాబడి లేని నెలల్లో కట్టాల్సింది. కుర్రాడు కాలిక్యులేటర్ తీసి సరిచూసుకున్నాడు. తండ్రికి ఆ అవసరం రాలేదు. "మిర్చి లాగే ఇదీ సీజన్ సరుకేనన్నమాట. కోల్డ్ స్టోరేజీలో పెట్టుకునే వీలు మాత్రం లేదు" అన్నాడు. ముహూర్తం పోయిన పెళ్లిని దాచుకోలేం కదా. ఆయన చెప్పినంత బాగా నేను ఎప్పుడూ చెప్పలేకపోయాను.

అప్పుడు కుదిరిన ఒప్పందం ఇది. కార్తీకం వెళ్లేదాకా సొంతంగా ఏదీ కొనకూడదు. కావాల్సింది మా స్టూడియోవి వాడాలి, లేదంటే అద్దెకి తేవాలి. మేం చేసే పనుల్లో ప్రతిదాంట్లోనూ కొన్నాళ్లు ఉండాలి, నచ్చినా నచ్చకపోయినా. ఒక నోట్‌బుక్ పెట్టుకుని రోజూ మూడు రాయాలి: ఎన్ని గంటలు పట్టింది, ఎంత వచ్చింది, మనసుకి ఎలా అనిపించింది. మూడోది రాయడానికి సిగ్గుపడ్డాడు కానీ చివరికి పనికొచ్చింది అదే.

కౌంటరు

మొదటి పోస్టింగ్ కౌంటర్లో. కొత్తగా వచ్చిన కుర్రాళ్లందరికీ ఇక్కడే మొహం చిట్లుతుంది. అమెరికా వీసా ఫొటోలు మాకు ఎక్కువ. అవి రెండంగుళాలకి రెండంగుళాలు, తెల్ల బ్యాక్‌గ్రౌండ్, తల ఎత్తు 25 నుంచి 35 మిల్లీమీటర్ల మధ్య ఉండాలి, కళ్లద్దాలు తీసేయాలి. ఆన్‌లైన్‌లో పెట్టే ఫైల్ 240 కేబీ దాటకూడదు. ఎవరో చూసి మెచ్చుకోవడానికి ఇందులో ఏమీ ఉండదు. ఫొటో రిజెక్ట్ కాకపోతే చాలు.

కానీ వెలుతురు గురించి ఈ కౌంటరు నేర్పినంత ఇంకేదీ నేర్పదు. వెనకాల తెల్లటి తెర, ముందు చామనఛాయ మనిషి. కెమెరాని ఆటోలో వదిలేస్తే అది ఆ తెలుపునంతా చూసి, వెలుగు ఎక్కువైందనుకుని తగ్గించేస్తుంది. తెర బూడిద రంగులోకి దిగుతుంది, మొహం నల్లబడుతుంది. మా కుర్రాడు మొదట్లో ఆ మొహాల్ని ఫొటోషాప్‌లో తెల్లగా చేసేవాడు. అమెరికాలో ఉన్న కూతురి దగ్గరికి వెళ్తున్న ఒక పెద్దావిడ తన ఫొటో చూసుకుని, "ఈవిడెవరు బాబూ?" అని అడిగింది. ఆ తర్వాత అతను ఎడిటింగ్ వదిలేసి, ఎక్స్‌పోజర్ ఒక స్టాప్ పెంచడం (అంటే కెమెరాలోకి రెట్టింపు వెలుగు రానివ్వడం), తెరకీ మనిషికీ మధ్య దూరం పెట్టి తెర మీదకి విడిగా ఒక లైట్ వేయడం మొదలుపెట్టాడు. ఎవరూ చెప్పకుండానే. నోట్‌బుక్‌లో ఆ రోజు ఎంట్రీ: "బోరు. కానీ స్కిన్ టోన్ దొరికింది."

కేసు చూసేవాడిగా నేను రాసుకున్నది వేరే. జనంతో ఎక్కువ మాట్లాడడు. గడ్డం కాస్త దించండి, చెవులు కనపడాలి అని చెప్పడానికి కూడా రెండుసార్లు ఆలోచిస్తాడు. పని మాత్రం ఒకే తీరుగా ఎన్నిసార్లయినా విసుక్కోకుండా చేస్తాడు.

మండపం

మార్చి, ఏప్రిల్ నెలల్లో పెళ్లిళ్లకి తీసుకెళ్లాం. మొదట లైట్ పట్టుకోవడానికి, తర్వాత సెకండ్ కెమెరాగా. బయటివాళ్లకి తెలియని ఒక సంగతి చెప్పాలి. పెళ్లి ఫొటోగ్రాఫర్‌కి సగం కష్టం నడుముకీ, మోకాళ్లకీ, గొంతుకీ సంబంధించినది. సాయంత్రం ఎదురుకోళ్ల దగ్గర మొదలైన మనిషి రాత్రి రెండు గంటల ముహూర్తానికి అదే చురుకుతో ఉండాలి. తెల్లారగట్ల అప్పగింతల దాకా కూర్చోవడం ఉండదు.

టెక్నికల్‌గా అతను త్వరగానే పట్టుకున్నాడు. మన కరెంటు 50 హెర్ట్జ్ కాబట్టి ట్యూబ్‌లైట్లు, చవకరకం ఎల్‌ఈడీలు సెకనుకి వందసార్లు వెలిగి తగ్గుతుంటాయి. షట్టర్ స్పీడు ఎక్కువ పెడితే ఫొటోలో అడ్డంగా చారలు పడతాయి, లేదా ఒక ఫొటో పచ్చగా, పక్క ఫొటో ఎర్రగా వస్తుంది. సెకనులో వందో వంతు (1/100) దగ్గరో 1/50 దగ్గరో ఉంటే ఈ గొడవ ఉండదు. తలంబ్రాలప్పుడు 1/100 చాలదు, గింజలు గీతలుగా వస్తాయి, అక్కడ ఫ్లాష్ కావాలి. ఇదంతా అతను ఒక రాత్రిలో అర్థం చేసుకున్నాడు. మెకానికల్ చదువు వృథా పోలేదని వాళ్ల నాన్నకి చెప్పాను.

చిక్కు వచ్చింది మనుషుల దగ్గర. జీలకర్ర బెల్లం పెట్టే క్షణం మనకి అసలు ముహూర్తం. పంతులుగారు మంగళాష్టకాలు చదువుతుంటారు, మేళం జోరందుకుంటుంది, అడ్డుతెర దిగుతుంది, వధూవరులు అప్పుడే ఒకళ్లనొకళ్లు చూసుకుంటారు. రెండు మూడు సెకన్ల పని. సరిగ్గా ఆ క్షణానికే పెళ్లికొడుకు మేనమామలు, పిన్నత్తలు, ఫోన్లు పట్టుకున్న కజిన్లు అందరూ ముందుకి వచ్చేస్తారు. మా సీనియర్ అయితే "బాబాయ్‌గారూ, ఒక్క క్షణం, ఆ ఫోన్ కాస్త కిందకి" అని నవ్వుతూనే చెయ్యి అడ్డం పెట్టి దారి చేసుకుంటాడు. ఇది అలవాటు మీద వచ్చే విద్య. మా కుర్రాడు ఆ గుంపు వెనకాల నిలబడిపోయాడు. ఇంకో పెళ్లిలో చోటు దొరికింది కానీ, అంతకుముందు తీసిన పెళ్లికూతురి తల్లి ఫొటో ఎలా వచ్చిందో స్క్రీన్ మీద చూసుకుంటుండగా తెర దిగిపోయింది. మెయిన్ కెమెరాలో ఉంది కాబట్టి నష్టం లేదు. సెకండ్ కెమెరా పెట్టుకునేదే అందుకు.

తల్లి ఫొటో మాత్రం అద్భుతంగా వచ్చింది. ఆల్బమ్‌లో రెండు పేజీలు దానికే ఇచ్చాం.

ఇంకో విషయం గమనించాను. తెల్లారి నాలుగింటికి అందరూ కుర్చీల్లో ఒరిగిపోయి ఉంటే, అతను కార్డులు తీసి రెండు హార్డ్ డిస్కుల్లోకి కాపీ పెట్టి, రెండూ తెరిచి ఫైళ్లు సరిగ్గా ఉన్నాయో లేదో చూసి, అప్పుడు వెళ్లి తిన్నాడు. చాలామంది సీనియర్లకి కూడా ఈ అలవాటు ఉండదు. ఆ వారం నోట్‌బుక్‌లో రాసుకున్నది: "ఫొటోలు బాగానే వచ్చాయి. జనాన్ని జరపడం నా వల్ల కావట్లేదు. స్టేజి మీద గ్రూప్ ఫొటోలంటే టెన్షన్." ఇంత సూటిగా తన గురించి తాను రాసుకోగలిగితే సగం కౌన్సెలింగ్ అయిపోయినట్టే.

మూఢం

మే నెల వచ్చింది. స్టూడియోలో ఫోన్ మోగడం తగ్గింది. ఏటా ఈ సమయంలోనే మా దగ్గర చేరిన కుర్రాళ్లు మెల్లగా జారుకుంటారు. కొందరు డెలివరీ బండి ఎక్కుతారు, కొందరు బెంగళూరు. వాళ్లని తప్పుపట్టను. రోజు కూలీ లెక్కన పనిచేసేవాడికి ముహూర్తం లేకపోతే కూలీ లేదు.

ఉన్న పనల్లా పెండింగ్ ఆల్బమ్‌లు. కరిజ్మా ఆల్బమ్ అంటే తెరిస్తే 12 అంగుళాలకి 36 అంగుళాలు ఉండే షీట్లు. ఒక పెళ్లికి మూడు నాలుగు వేల ఫొటోలు ఉంటే అందులోంచి ఏరి, షీట్లు డిజైన్ చేయాలి. ఇప్పటికీ సగం కుటుంబాలకి పూలూ, మెరుపులూ, గుండె బొమ్మలూ ఉన్న డిజైనే కావాలి. ఖాళీ వదిలితే డబ్బులు తీసుకుని కాగితం తెల్లగా ఇచ్చారంటారు. కుర్రాడికి ఇది చిరాకు. అయినా షీటుకింత అని చేసి పెట్టాడు. వీడియో మిక్సింగ్‌లో కూర్చోబెట్టి చూశాను, పూర్తిగా చేతులెత్తేశాడు. సరే, అదీ తేలిపోయింది.

మే, జూన్ రెండు నెలల్లో అతనికి వచ్చింది 9 వేలు. తండ్రి ఒకసారి ఫోన్ చేసి కోర్సు ఏదైనా చేయిస్తే ఎలా ఉంటుందని అడిగాడు. హైదరాబాద్ మాసబ్‌ట్యాంక్‌లో జవహర్‌లాల్ నెహ్రూ ఆర్కిటెక్చర్ అండ్ ఫైన్ ఆర్ట్స్ యూనివర్సిటీలో ఫొటోగ్రఫీ అండ్ విజువల్ కమ్యూనికేషన్ బీఎఫ్‌ఏ ఉంది, ఇంటర్ తర్వాత ఎంట్రన్స్ రాసి చేరాల్సిన నాలుగేళ్ల డిగ్రీ. మంచి కోర్సు. ఇంటర్ చదివే పిల్లలెవరైనా అడిగితే దానికే రాయమంటాను. బీటెక్ అయిపోయి ఇంట్లో ఆదాయం అవసరమైన కుర్రాడికి ఇంకో నాలుగేళ్లు అనే మాట నేను చెప్పలేను.

ఆయన బెంగ ఇంకోటి కూడా ఉంది: ఇంజినీరింగ్ చదివి కెమెరా పట్టడమేమిటని. రాజా దీన్‌దయాళ్ సంగతి చెప్పాను. రూర్కీలో ఇంజినీరింగ్ చదివి, ఇందోర్‌లో పబ్లిక్ వర్క్స్ ఉద్యోగం చేస్తూ కెమెరా పట్టిన మనిషి. తర్వాత ఆరో నిజాం కొలువులో ఫొటోగ్రాఫర్ అయ్యాడు, సికింద్రాబాద్‌లో స్టూడియో పెట్టాడు. ఇందులో నాకు నచ్చేది నిజాం కొలువు కాదు. ఒక్క రాబడినే నమ్ముకోలేదు ఆయన. రాజభవనాలు, వేటలు, దొరల విందులు ఒకపక్క, స్టూడియోలో పోర్ట్రెయిట్లు ఒకపక్క. పరదా పాటించే ఆడవాళ్ల కోసం 1892లో హైదరాబాద్‌లో విడిగా ఒక జెనానా స్టూడియో తెరిచి, అందులో ఫొటోలు తీయడానికి ఒక ఇంగ్లీషు మహిళని పెట్టాడు. ఎవరికి ఏ ఫొటో కావాలి, ఎవరు ఇంకా తీయించుకోలేకపోతున్నారు అని చూసినవాడు.

చీరలు

కేసు మలుపు తిరిగింది ఆషాఢంలో. మంగళగిరిలో చేనేత చీరల కొట్టు నడిపే ఒకాయన మాకు పాత పరిచయం, వాళ్లమ్మాయి పెళ్లి మేమే చేశాం. శ్రావణమాసానికి సరుకు దిగుతోంది, వరలక్ష్మీవ్రతం ఆగస్టు 16న. ఆలోపు చీరలన్నీ వాట్సాప్‌లో, ఇన్‌స్టాలో పెట్టాలి. ఆయన గోడు ఒకటే: "ఫొటోలో ఒక రంగు, చేతికొచ్చాక ఇంకో రంగు అంటున్నారండీ. హైదరాబాద్ నుంచి వెనక్కి వచ్చినవి సరే, డల్లాస్ వెళ్లిన చీరని ఏం వెనక్కి తెప్పిస్తాం?"

కుర్రాడిని పంపాను. పెళ్లిళ్లు లేక ఖాళీగా ఉన్నాడని, అంతకుమించి ఆలోచన ఏమీ లేదు.

కొట్లో ఏం జరుగుతోందో మొదటి పూటే కనిపెట్టాడు. కప్పు నుంచి తెల్ల ఎల్‌ఈడీ, గుమ్మంలోంచి ఎండ, గాజు అద్దాల్లోంచి పక్కకొట్టు పచ్చ బోర్డు వెలుతురు. మూడు రంగుల వెలుగు ఒకే చీర మీద. దానికి తోడు ఫోన్ తనంతట తాను రంగుని ముద్దుగా చేసేస్తుంది. కొట్టు వెనక సరుకు గదిలో లైట్లన్నీ ఆర్పించి, కిటికీకి నల్లగుడ్డ కట్టి, మా స్టూడియో నుంచి ఒకే రంగు వెలుతురు ఇచ్చే రెండు లైట్లు తీసుకెళ్లాడు. ప్రతి చీరకి మొదటి ఫొటోలో బూడిదరంగు గ్రే కార్డు పెట్టి, దాన్ని బట్టి తెలుపు తెలుపుగానే వచ్చేలా వైట్ బ్యాలెన్స్ సెట్ చేసుకున్నాడు.

జరీ దగ్గర ఇబ్బంది వచ్చింది. మంగళగిరి చీరకి అందమంతా అంచులో ఉంటుంది. ఒళ్లు సాదాగా ఉండి, వరసగా మొనలుండే నిజాం అంచు మెరవాలి. జరీ అంటే చిన్న అద్దం లాంటిదే. ఎదురుగా లైట్ వేస్తే తెల్లగా కాలిపోతుంది, నేత కనపడదు. లైట్ తీసేస్తే ఇత్తడి వన్నెకి చచ్చిపోతుంది. అతను ఒక లైట్‌ని బాగా కిందకి దించి, పక్కనుంచి, మధ్యలో బటర్ పేపర్ అడ్డం పెట్టి వేశాడు. రెండో పక్క థర్మోకోల్ షీట్. అప్పుడు జరీ మెరిసింది, పక్కనే నూలు పోగు కూడా కనపడింది.

ఇక నెమలికంఠం రంగు. పడుగు ఒక రంగు, పేక ఇంకో రంగు కాబట్టి ఇటునుంచి చూస్తే నీలం, అటునుంచి చూస్తే పచ్చ. దానికి సరైన రంగు అంటూ ఒకటి లేదు. ఒక్క ఫొటో పెడితే ఎవరో ఒకరు మోసం అంటారు. మా కుర్రాడు చీరని అలాగే ఉంచి, లైట్ అటొకసారి ఇటొకసారి మార్చి రెండు ఫొటోలు తీసి పక్కపక్కన పెట్టాడు. కింద ఒక లైను: "మడత తిరిగితే రంగు తిరుగుతుంది." ఆ లైను కొట్టు యజమానికి తెగ నచ్చి బోర్డు మీద కూడా రాయించుకున్నాడు.

ఫైళ్లు ఫోన్లకి మామూలుగా వాడే ఎస్‌ఆర్‌జీబీ అనే రంగుల ప్రొఫైల్‌లోనే ఇచ్చాడు, వేరే ప్రొఫైల్‌లో ఇస్తే మామూలు ఫోన్లలో రంగు వెలిసిపోయినట్టు కనపడుతుంది. చివరికి కొట్టాయన ఫోన్, వాళ్లావిడ ఫోన్, రెండూ తెరిచి, పక్కన చీర పరిచి, ముగ్గురూ చూసి ఒప్పుకున్నాకే పంపేవాడు. ఫొటో తీయడానికి పట్టే సమయం కంటే చీర మడతగీతలు పోయేలా ఇస్త్రీ చేయడానికే ఎక్కువ పట్టేది. నోట్‌బుక్‌లో: "రోజంతా ఇస్త్రీ. కరెంటు పోయింది, చెమట. అయినా చిరాకు రాలేదు. ఎవరినీ జరగమని చెప్పక్కర్లేదు."

ఈ లైను చదివాకే నాకు కేసు అర్థమైంది. ఫొటోగ్రఫీ పిచ్చి అనుకున్నది నిజమే, కానీ అది మనుషుల గుంపు మధ్య నిలబడే రకం పిచ్చి కాదు. ఒక వస్తువు ముందు కూర్చుని, అది ఉన్నట్టుగా కనపడేదాకా వదలని రకం. కౌంటర్లో స్కిన్ టోన్ పట్టుకున్నప్పుడే ఆ లక్షణం బయటపడింది.

దీనికి మించి ఇంకోటి. పెళ్లిళ్లు ఆగిపోయే ఆషాఢంలోనే చీరల కొట్లకి ఫొటోలు కావాలి, శ్రావణం కోసం. భాద్రపదంలో దసరా, దీపావళి సరుకు. పుష్యంలో మాఘం పెళ్లిళ్లకి పట్టు. పంచాంగంలో ఒక పనికి సెలవున్న చోట రెండో పనికి సీజన్. ఇన్నేళ్లుగా ఈ వ్యాపారంలో ఉన్నాను, ఈ రెండు క్యాలెండర్లూ ఇంత చక్కగా అతుక్కుంటాయని ఎదురుగా చూసింది అప్పుడే.

చీరకి 80 రూపాయలు, మూడు ఫొటోలు: అంచు, కొంగు, మొత్తం. ఒక కొట్టు చూసి పక్క కొట్టు పిలిచింది. జులై, ఆగస్టుల్లో అతని చేతికి 41 వేలు వచ్చాయి.

మిగతావి చకచకా

సెప్టెంబరు 1న బుడమేరు పొంగి విజయవాడ మునిగినప్పుడు, పత్రికలకి ఫొటోలు పంపే మిత్రుడొకరు అతన్ని వెంట తీసుకెళ్లాడు. వార్తా ఫొటోకి బొమ్మ ఒక్కటే చాలదు, ఏ వీధి, ఏ సమయం, ఫొటోలో ఎవరు అనేది క్యాప్షన్‌లో తప్పు లేకుండా ఉండాలి. మోకాళ్లలోతు నీళ్లలో ఉన్న మనిషిని ఆపి పేరు అడగడం తన వల్ల కాదని తిరిగొచ్చి చెప్పాడు. నేను వాదించలేదు. కొందరికే చేతనయ్యే పని అది.

డ్రోన్ మీద కూడా మోజు ఉండేది. 2021 డ్రోన్ రూల్స్ ప్రకారం 250 గ్రాములు దాటిన డ్రోన్‌తో డబ్బులకి పని చేయాలంటే దానికి రిజిస్ట్రేషన్ నంబరు, నడిపేవాడికి రిమోట్ పైలట్ సర్టిఫికెట్ ఉండాలి. ట్రైనింగ్ ఫీజు, డ్రోన్ ధర రెండూ రాసుకుని చూశాడు. మర్నాటి నుంచి ఆ ఊసు ఎత్తలేదు.

రాతకోతలు

దీని గురించి కుర్రాళ్లకి ఎవరూ చెప్పరు కాబట్టి కాస్త వివరంగా రాస్తాను. ఫొటో తీసింది నేను, కాబట్టి ఫొటో నాది అనుకుంటారు. 1957 కాపీరైట్ చట్టం 17వ సెక్షన్ అలా చెప్పదు. ఎవరైనా డబ్బులిచ్చి తీయించుకున్న ఫొటోకి, వేరే ఒప్పందం లేకపోతే, మొదటి హక్కుదారు ఆ డబ్బులిచ్చినవాళ్లే. అంటే పెళ్లి ఫొటోని మన ఇన్‌స్టాలో శాంపిల్‌గా పెట్టుకోవాలన్నా వాళ్ల అనుమతి ఉండాలి. అడ్వాన్స్ తీసుకునేటప్పుడే బుకింగ్ ఫారంలో ఒక లైను రాయించుకోవడం మేలు. పెళ్లయ్యాక అడిగితే ఎవరికీ తీరిక ఉండదు, ఒకోసారి ఇష్టం కూడా ఉండదు.

చీరల కొట్ల విషయంలో ఇది ఇంకా ముఖ్యం. ఒక కొట్టుకి తీసిన ఫొటోని అదే రకం చీర ఉన్న ఇంకో కొట్టుకి ఇస్తే గొడవ ఖాయం. మా కుర్రాడి చేత ఒక పేజీ ఒప్పందం రాయించాను: ఫొటోలు కొట్టువి, తన పనికి శాంపిల్‌గా చూపించుకునే హక్కు తనది, వేరే కొట్టుకి అమ్మడు. సగం డబ్బు ముందు, మిగతా సగం ఫైళ్లు ఇచ్చేటప్పుడు. ఒక కొట్టువాళ్లు జీఎస్టీ బిల్లు అడిగారు. సేవల మీద ఏడాది టర్నోవర్ 20 లక్షలు దాటితేనే రిజిస్ట్రేషన్ తప్పనిసరి, అతను ఇంకా ఆ ఛాయలకి కూడా రాలేదు. మామూలు బిల్లు ఇమ్మన్నాను.

కార్తీకం

అక్టోబరు, నవంబరులో పెళ్లిళ్లు, చీరలు రెండూ దొరికాయి, 52 వేలు. ఒప్పందం ప్రకారం తండ్రీకొడుకులిద్దర్నీ కూర్చోబెట్టి నోట్‌బుక్ తెరిచాం. మార్చి, ఏప్రిల్ 18 వేలు. మే, జూన్ 9. జులై, ఆగస్టు 41. సెప్టెంబరు 6. చివరి రెండు నెలలు 52. మొత్తం లక్షా 26 వేలు, సగటున నెలకి 14 వేలు.

"యార్డులో మూట మోసేవాడికి ఇంతకంటే ఎక్కువొస్తుంది" అన్నాడు తండ్రి. అబద్ధం కాదు, నేను కాదనలేదు. నేర్చుకుంటున్న ఏడాది, ఎవరి సామానుతోనో చేసిన పని, మూఢాల ఏడాది. నేను చూసింది సగటు కాదు, ఏ నెలలో ఏం వచ్చిందన్నది. పెళ్లిళ్లు ఎండిపోయిన జులైలో అతనికి పని ఉంది. మా స్టూడియోలో పదేళ్ల అనుభవం ఉన్నవాళ్లకి కూడా ఆ నెలలో లేదు.

నా సలహా ఇలా ఇచ్చాను. చీరలు, నగలు, చేనేత వస్తువుల ఫొటోలని అసలు పనిగా పెట్టుకో. పెళ్లిళ్లకి సెకండ్ కెమెరాగా మాత్రమే వెళ్లు, అదీ సీజన్‌లో. అందులో క్యాండిడ్స్, అంటే ఎవరినీ నిలబెట్టకుండా తీసే ఫొటోలు, నీ బలం, గ్రూప్ ఫొటోలు నీ పని కాదు. సొంత వెడ్డింగ్ స్టూడియో ఆలోచన ఇప్పుడు వద్దు. గొంతు లేస్తే తర్వాత చూద్దాం. లేవకపోయినా ఫర్వాలేదు.

రెండున్నర లక్షల కెమెరా కొటేషన్ చించేయలేదు, అవసరం లేక పక్కన పడింది. కదలని చీరకి కదిలేవాటిని పట్టుకునే కెమెరా ఎందుకు? ఒక సెకండ్ హ్యాండ్ క్రాప్ సెన్సర్ (చిన్న సెన్సర్ ఉండే) కెమెరా బాడీ, ఒక 50 ఎంఎం లెన్స్, రెండు లైట్లు, స్టాండ్లు, గ్రే కార్డు, మంచి స్టీమ్ ఐరన్ కలిపి 85 వేలలో తేలింది. పాత కెమెరా కొనేటప్పుడు షట్టర్ ఎన్నిసార్లు కొట్టిందో చూసి తీసుకోమన్నాను. పెళ్లిళ్లు తిరిగిన కెమెరా అయితే ఏడాదిలోనే లక్ష దాటి ఉంటుంది. 60 వేలు తన సంపాదనలోంచి, 25 వేలు వాళ్ల నాన్న. ఈఎంఐ లేదు. చూస్తే ఐరన్ కొన్న రోజే ఎక్కువ సంబరపడ్డాడు.

ఇప్పుడు

మంగళగిరి, చీరాల, పోచంపల్లి కొట్లకి వెళ్తున్నాడు. చీరకి రేటు పెరిగింది. సీజన్‌లో మా పెళ్లిళ్లకి వస్తాడు, తల్లుల వైపు నిలబెడతాం.

కొత్త చిక్కు ఏఐతో వచ్చింది. ఒక పెద్ద కొట్టువాళ్లు, మోడల్ ఫొటోలు అక్కర్లేదు, పరిచిన చీర ఫొటో ఒక్కటి ఇవ్వు, ఏఐతో అమ్మాయికి కట్టించుకుంటాం అన్నారు. రేటు సగానికి తగ్గించమన్నారు. అతను వాళ్లు చేయించిన శాంపిల్ తీసుకుని నా దగ్గరికి వచ్చాడు. అమ్మాయి బాగుంది, కుచ్చిళ్లు బాగున్నాయి. పెద్దది చేసి చూస్తే అంచు మారిపోయింది. నిజాం అంచులో మొనలు కొన్ని కలిసిపోయి గీతలా అయ్యాయి, కొంగులో లేని పువ్వొకటి వచ్చింది. ఆ ఫొటో చూసి కొన్నావిడ చేతికి ఈ చీర వెళ్తే, మళ్లీ ఆ మొదటి గోడు తప్పదు.

రేటు తగ్గించవద్దన్నాను. కావాలంటే అంచు, కొంగు దగ్గరగా తీసిన రెండు ఫొటోలు తప్పనిసరిగా పక్కన పెట్టాలనే షరతు మీద ఒప్పుకోమన్నాను. కొట్టువాళ్లు శ్రావణం సరుకు దిగాక చెబుతామన్నారు. ఈలోపు అతను ఆ ఏఐ ఎలా పనిచేస్తుందో తానే నేర్చుకుంటున్నాడు. అంచు చెడకుండా కట్టించగలిగితే ఆ పని కూడా తనకే ఇమ్మని అడుగుతాడట.